చిలకరింపుకు తీరని దాహం

రాజమహేంద్రవరం దాటి జాతీయ రహదారి మీద కొద్ది దూరం వెళ్లగానే కడియం, కడియపులంక నర్సరీలు మొదలవుతాయి. గోదావరి కాలువల పక్కన, ఆకుపచ్చ వలల నీడలో, ఎప్పుడూ తడి ఆరని నేల మీద పెరిగిన మొక్కలు అక్కడి నుంచే లారీలెక్కి హైదరాబాదు వస్తాయి. ఏప్రిల్‌లో మురిసిపోతూ కొన్న కలాథియా మే నెల సగానికి వచ్చేసరికి అంచులు మాడిపోయి, ఆకులు గొట్టాల్లా చుట్టుకుని దిగాలుగా కనిపిస్తుంది. కొన్నచోటికి వెళ్లి అడిగితే ఠక్కున జవాబొస్తుంది: "తేమ చాలట్లేదండీ, రోజూ రెండుసార్లు స్ప్రే కొట్టండి."

స్ప్రేతో మొదలయ్యే ఈ సలహాల వరుస పొడవైనదే. కుండీ కింద గులకరాళ్ల పళ్లెం పెట్టమంటారు. మొక్కలన్నీ ఒకచోట చేర్చమంటారు. బాత్‌రూమ్‌లో పెట్టమనేవాళ్లు, తడిగుడ్డ ఆరేయమనేవాళ్లు, చివరికి హ్యుమిడిఫయర్ కొనేయమనేవాళ్లు ఉంటారు. వీటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి. కొన్ని పెంచేవాళ్ల మనసుకు తృప్తినిస్తాయి. ఒకటి రెండు మాత్రం దోమలను పెంచుతాయి.

ఏది ఏ కోవలోదో తేలాలంటే ముందు ఆకు చేసే పని చూడాలి. ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు వెలుగు పడగానే తెరుచుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడానికి అదే దారి, లోపలి నీరు ఆవిరై పోవడానికీ అదే దారి. ఈ నష్టాన్ని మొదట పద్ధతిగా తూచినవాడు లండన్ దగ్గర టెడింగ్టన్ గ్రామంలో చర్చి గురువుగా ఉన్న స్టీఫెన్ హేల్స్. కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను, మట్టి నుంచి నీరు ఆవిరి కాకుండా మూతవేసి, ఉదయం సాయంత్రం త్రాసులో పెట్టి చూశాడు. పగటిపూట సగటున 20 ఔన్సులు, అంటే దాదాపు 570 గ్రాముల నీరు పోతోందని లెక్కతేల్చి 1727లో అచ్చువేశాడు. ఆ లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది. పొడిగా, వెచ్చగా ఉన్న రాత్రి మొక్క మూడు ఔన్సుల దాకా బరువు తగ్గేది. కాస్త మంచు పడిన రాత్రి అసలు తగ్గేదే కాదు. ఆకు ఎంత నీరు పోగొట్టుకోవాలో చుట్టూ ఉన్న గాలే నిర్ణయిస్తోందన్న మాట.

గాలి మరీ పొడిగా ఉంటే వేర్లు పంపే నీరు ఆకుల ఖర్చుకు సరిపోదు. అప్పుడు రంధ్రాలు మూసుకుంటాయి. ప్రాణం నిలుస్తుంది గానీ ఎదుగుదల ఆగిపోతుంది. పలచని ఆకులున్న జాతుల్లో నీరు చివరగా చేరే అంచులే ముందు ఎండుతాయి. కలబంద, స్నేక్ ప్లాంట్ లాంటివి ఈ చిక్కును వేరే దారిలో తప్పించుకున్నాయి. అవి రంధ్రాలను ప్రధానంగా రాత్రిపూట తెరుస్తాయి కాబట్టి, రోహిణి కార్తె ఎండల్లో కూడా వాటికి గదిలో తేమ పెంచే అవసరం రాదు.

వాతావరణ వార్తల్లో చెప్పే తేమ శాతం ఈ దాహాన్ని సగమే చెబుతుంది. వేడెక్కేకొద్దీ గాలి మోయగల ఆవిరి పెరుగుతుంది: ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 30 దగ్గర 30 గ్రాములు, 40 దగ్గర 51 గ్రాముల దాకా పట్టుకోగలదు. గాలి పట్టగలిగినదానికి, అందులో నిజంగా ఉన్నదానికి మధ్య తేడాయే మొక్కను పిండేది. దీన్ని ఆవిరి పీడన లోటు అంటారు, కిలోపాస్కల్‌లలో కొలుస్తారు. గ్రీన్‌హౌస్‌లు నడిపేవాళ్లు దీన్ని అరకూ ఒకటింపావుకూ మధ్య ఉంచాలని చూస్తారు. మే మధ్యాహ్నం విశాఖలో 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉందనుకుంటే లోటు 1.3 దగ్గర ఉంటుంది. అదే వేళ హైదరాబాదులో 40 డిగ్రీలు, 25 శాతం ఉంటే 5.5 అవుతుంది. శాతాలు చూస్తే విశాఖ గాలి మూడు రెట్లు తడిగా ఉన్నట్టు తోస్తుంది. మొక్క అనుభవించే తేడా నాలుగు రెట్లు దాటింది.

ఈ లెక్కతో చూస్తే ఏసీ మీద పడ్డ నింద సగం వీగిపోతుంది. ఏసీ గాలిని ఆరబెడుతుంది, అందుకే మొక్కలు చస్తాయని అందరూ అంటారు. హైదరాబాదు వేసవిలో జరిగేది అది కాదు. ఏసీ లేని గది 36 డిగ్రీల దగ్గర 30 శాతం తేమతో ఉంటే లోటు నాలుగు దాటుతుంది. ఏసీ వేసి 26కి దించితే, యంత్రం కొంత ఆవిరిని పీల్చేసినా గదిలో తేమ 45 శాతం దాకా నిలుస్తుంది, లోటు రెండు లోపుకు పడిపోతుంది. చల్లబడటంతోనే మొక్కకు సగం ఉపశమనం దొరికింది. అక్కడ మొక్కను చెడగొట్టేది నేరుగా ఆకుల మీదికి వచ్చే ఏసీ గాలి. తీరప్రాంతంలో కథ మారుతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఏసీ గంటకు లీటరు, ఆపైన కూడా నీటిని గాలి నుంచి లాగి గొట్టం గుండా బయటికి వదులుతుంది. అయినా అక్కడి గదికి ఉన్న నిల్వ ఎక్కువ కాబట్టి మొక్కలు తట్టుకుంటాయి.

ఇప్పుడు స్ప్రే సంగతి. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఆ గది 34 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు తేమను 30 నుంచి 60 శాతానికి పెంచాలంటే సుమారు 460 గ్రాముల ఆవిరి కావాలి. చేతి స్ప్రే ఒక నొక్కుకు ఇంచుమించు ఒక మిల్లీలీటరు చిమ్ముతుంది. ఇరవై సార్లు నొక్కి, ఆ నీరంతా ఆవిరైందనుకున్నా గదిలో తేమ పెరిగేది ఒక్క శాతం పైచిలుకు. కిటికీ తెరిచి ఫ్యాను తిరుగుతుంటే ఆ ఒక్క శాతం కూడా నిమిషాల్లో బయటికి పోతుంది. ఆకు మీద తడి ఉన్నంతసేపు ఆకుకు హాయి. తడి ఆరగానే పాత కథే.

అసలు విషయం ఈ లెక్కలోనే ఉంది. గదికి కావలసిన నీరు చూస్తే పెద్దదేమీ కాదు, అర లీటరు కూడా లేదు. చిక్కంతా దాన్ని నిలబెట్టడంలో ఉంది. గది గాలి గంటకు ఒక్కసారి మారినా ఆ అర లీటరును గంటగంటకూ మళ్లీ పోయాలి. తలుపులు, కిటికీలు తెరిచి బతికే మన ఇళ్లలో గాలి గంటకు ఎన్నోసార్లు మారుతుంది. అందుకని తేమను పోయడం కంటే పోనివ్వకుండా ఆపడం మీద దృష్టి పెట్టిన పద్ధతులే చరిత్రలో నెగ్గాయి. వాటి దగ్గరికి వెళ్లేముందు మిగతా చిట్కాలను కూడా ఇదే త్రాసులో వేసి చూడాలి.

స్ప్రే పూర్తిగా దండగ కాదు. వేడికి, పొడికి ఎగబడే ఎర్రనల్లి, ఆకు అడుగున సన్నని సాలెగూడు అల్లే ఆ చిన్న పురుగు, నీటి జోరుకు కొట్టుకుపోతుంది. ఆకు మీది దుమ్ము కడిగితే వెలుగు బాగా అందుతుంది. కానీ ఇది కడిగే పని, వారానికొకసారి కుళాయి కింద పెట్టినా సరిపోతుంది. రోజూ సాయంత్రం ఆకులు తడిపి, రాత్రంతా గాలి ఆడని మూలలో ఉంచితే మాత్రం ఆకుమచ్చ తెగుళ్లకు స్వాగతం పలికినట్టే. చాలా శిలీంధ్రాల సిద్ధబీజాలు మొలకెత్తడానికి ఆకు మీద కొన్ని గంటల తడి ఉంటే చాలు.

గులకరాళ్ల పళ్లెం పరిస్థితీ అంతే. అడుగు చదరం ఉన్న పళ్లెం నుంచి వేసవిలో గంటకు పది, ఇరవై గ్రాములకు మించి నీరు ఆవిరవడం కష్టం. నీటి పైన ఒకటి రెండు అంగుళాల ఎత్తులో కొంత తేడా ఉండొచ్చు. రెండడుగుల ఎత్తున ఉన్న మాన్‌స్టెరా ఆకుకు దాని ఊసే తెలియదు. రాళ్లు పేర్చి కుండీని నీటికి పైన నిలబెట్టడంలో ఉన్న అసలు లాభం, వేర్లు నీటిలో మునిగి కుళ్లకపోవడమే.

పైగా ఆ పళ్లెంలో అద్దె కట్టకుండా దిగే కాపురం ఒకటుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ మురికి కాలువల కంటే ఇంట్లో నిలిచిన మంచి నీటినే ఇష్టపడుతుంది. వేడి రోజుల్లో గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. నీరు ఆరిపోయినా పళ్లెం అంచుకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే లేస్తాయి. ఆరోగ్యశాఖ సిబ్బంది 'ఫ్రైడే డ్రైడే' అంటూ కూలర్లు, కుండీ పళ్లేలు ఒలకబోయించేది అందుకే. నీరు మార్చడంతో ఆగకుండా పళ్లేన్ని పీచుతో రుద్ది కడగాలి. 2001లో అమెరికాలోని కాలిఫోర్నియాకు ఏషియన్ టైగర్ దోమ చేరింది కూడా మొక్కల నీటితోనే. చైనా నుంచి వచ్చిన లక్కీ బాంబూ కాడలను నీళ్లలో నిలిపి ఓడలో పంపితే, వాటితో పాటు లార్వాలు దిగాయి.

మొక్కలను గుంపుగా పెట్టడం వీటికంటే మెరుగు. పెద్ద ఆకులున్న మొక్కలు పది దగ్గరదగ్గరగా ఉంటే అవి వదిలే ఆవిరి వాటి మధ్యే కాసేపు తచ్చాడుతుంది, ఒకదాని నీడ ఇంకొకదాన్ని చల్లగా ఉంచుతుంది. అయితే ఆ ఆవిరి వచ్చేది వాటి కుండీల నుంచే, అంటే నీళ్లు ఎక్కువ పోయాల్సిందే. ఎర్రనల్లి, పిండినల్లి కూడా ఇరుగుపొరుగులకు సులువుగా పాకుతాయి. బాత్‌రూమ్ సలహా విదేశీ ఇళ్లను చూసి రాసింది. కిటికీ పెద్దదైతే ఫరవాలేదు. చేయి పట్టేంత వెంటిలేటర్ తప్ప వెలుగు రాని మన అపార్ట్‌మెంట్ బాత్‌రూమ్‌లో మొక్క తేమ చూసుకుని సంతోషించేలోపే చీకటికి పాలిపోతుంది.

పైసా ఖర్చు లేని పని ఇంకొకటుంది, దాని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. ఆకు ఉపరితలాన్ని అంటిపెట్టుకుని కొన్ని మిల్లీమీటర్ల మందాన కదలని గాలి పొర ఉంటుంది. ఆకు వదిలిన ఆవిరి ముందు అందులో చేరుతుంది కాబట్టి గది కంటే ఆ పొర ఎప్పుడూ తడిగా ఉంటుంది. సీలింగ్ ఫ్యాను జోరు దాన్ని ఊడ్చేస్తుంది. ఫ్యాను కింద నుంచి, ఏసీ ఎదుటి నుంచి, పడమటి కిటికీ ఎండలోంచి మొక్కను గది మూలకో తూర్పు కిటికీకో జరిపితే, నెల రోజుల చిలకరింపు చేయలేని మేలు జరుగుతుంది. గాలి అసలు ఆడకపోయినా బూజు తగులుతుంది గనుక, ఆకు మెల్లగా కదిలేంత గాలి ఉంటే సరి.

తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో తేమ యంత్రం ఎప్పటినుంచో ఉంది, దాన్ని మొక్కల కోసమని ఎవరూ అనుకోరు, అంతే. ఒకప్పుడు కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. ఇప్పుడు వాటి స్థానంలో ఎయిర్ కూలర్ వచ్చింది. నలభై లీటర్ల ట్యాంకు జోరుగా నడిస్తే ఎనిమిది, పది గంటల్లో ఖాళీ అవుతుంది, అంటే గంటకు నాలుగైదు లీటర్ల ఆవిరి. గది గాలి ఎంత మారినా వెనకబడని వేగమది. కూలర్ వదిలే గాలి చల్లగా, 70 శాతం పైన తేమతో ఉంటుంది. నేరుగా ఆ గాలి ముందు కాకుండా గదికి అవతలి వైపు పెట్టిన ఫెర్న్‌లు, ఆంథూరియంలు మే నెలను చెక్కుచెదరకుండా దాటేస్తాయి. ఇదే కూలర్‌ను కోనసీమలో పెడితే ఎవరికీ పనికిరాదు, మనిషికీ మొక్కకూ. గాలి అప్పటికే నిండుగా ఉంటే నీరు ఆవిరయ్యే చోటెక్కడ?

హ్యుమిడిఫయర్లు ముఖ్యంగా రెండు రకాలు. తడి వత్తి మీదుగా ఫ్యానుతో గాలి పంపేవి కూలర్‌కు చిన్న తమ్ముళ్లు. మన మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి రెండో రకం, పళ్లెం కంపనంతో నీటిని పొగలా చిమ్మే అల్ట్రాసోనిక్ యంత్రాలు. చిన్నవి గంటకు రెండు మూడు వందల మిల్లీలీటర్లు వదులుతాయి. తలుపులు మూసిన పడకగదిలో ఆ మాత్రం పనికొస్తుంది, హాలులో ఊదితే గాలికి పోతుంది. వీటికి బోరు నీళ్లు పోస్తే నీటిలోని సున్నం, ఉప్పు కూడా పొగతో పాటు గాలిలోకి ఎగిరి టీవీ మీద, ఆకుల మీద, ఊపిరితిత్తుల్లో తెల్లపొడిగా దిగుతాయి. లవణాలు తక్కువున్న నీరే వాడమని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. ట్యాంకులో నీరు రోజూ పారబోసి కడగకపోతే అందులో పెరిగిన సూక్ష్మజీవులనూ అది అంతే నమ్మకంగా చిమ్ముతుంది.

ఇక ఆపి ఉంచే పద్ధతుల దగ్గరికి. లండన్ తూర్పు భాగంలో వైద్యం చేసుకునే నాథనియల్ బాగ్‌షా వార్డ్‌కు ఫెర్న్‌లంటే పిచ్చి. ఊరి బొగ్గుపొగకు పెరటిలో ఒక్కటీ బతికేది కాదు. 1829లో ఆయన ఒక చిమట పురుగు గూడు విచ్చుకోవడం చూద్దామని తడిమట్టి వేసిన గాజుసీసాలో దాన్ని పెట్టి మూతవేశాడు. పురుగు సంగతి అటుంచి, ఆ మట్టిలో ఒక ఫెర్న్, ఒక గడ్డిపరక మొలిచాయి. పగలు మట్టిలోంచి లేచిన ఆవిరి గాజుకు అంటుకుని రాత్రికి మళ్లీ మట్టిలోకే దిగుతోంది. నీళ్లు పోయకుండానే అవి సంవత్సరాల తరబడి బతికాయి. 1833లో వార్డ్ ఇలాంటి గాజుపెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడ డెక్ మీద సిడ్నీకి పంపితే క్షేమంగా చేరాయి. తిరుగు ప్రయాణంలో ఆస్ట్రేలియా మొక్కలు ఉష్ణమండలపు ఎండను, కేప్ హార్న్ చలిని దాటుకుని లండన్‌లో పచ్చగా దిగాయి. అంతకుముందు అంత దూరం పంపిన మొక్కల్లో ఎక్కువ భాగం ఉప్పుగాలికి, దాహానికి దారిలోనే చచ్చేవి.

ఈ పెట్టెలు సామ్రాజ్యానికి ఎంత పనికొచ్చాయంటే, రాబర్ట్ ఫార్చ్యూన్ 1848 తర్వాత ఈస్టిండియా కంపెనీ తరఫున చైనా టీ మొక్కలను హిమాలయ సానువులకు చేర్చింది వీటిలోనే. టీ గింజలను పెట్టెలోని మట్టిలో చల్లి, దారిలోనే మొలకెత్తించాడు. మన ఉదయం టీ గిన్నె వెనక ఒక మూసిన గాజుపెట్టె ఉందన్నమాట.

వార్డ్ పెట్టెకు ఈనాటి వారసులు చాలా ఉన్నారు. కొమ్మ నాటి కుండీ మీద పారదర్శక ప్లాస్టిక్ సంచి బోర్లిస్తే అది వార్డ్ పెట్టే. 2018 ఆగస్టులో హైదరాబాదు హైటెక్ సిటీలో ఐకియా తొలి భారతీయ దుకాణం తెరిచింది. ఆ సంస్థ అమ్మే గాజు బీరువాలను మొక్కల ప్రియులు ప్రపంచమంతటా చిన్న గ్రీన్‌హౌస్‌లుగా మార్చేశారు. లోపల ఎల్ఈడీ దీపం, అరచేయంత ఫ్యాను, అడుగున తడిపిన కోకోపీట్ పెడితే చాలు, తేమ 70, 80 దగ్గర తనంతట తానే నిలుస్తుంది. తలుపు సందులకు అంటించే రబ్బరు పట్టీయే అక్కడ అన్నిటికంటే విలువైన పరికరం. గదికి అర లీటరు కావలసినచోట, అర ఘనపు మీటరు ఉన్న బీరువాకు ఐదారు గ్రాములు చాలు. ఒక్క కలాథియా కోసం గది మొత్తాన్ని అడవి చేయబోవడం కంటే, కలాథియాకు ఒక గాజుగది కట్టడం తెలివైన పని. ఇందులో ఒకటే జాగ్రత్త: నేరుగా ఎండ తగలకూడదు. మూసిన గాజు ఎండలో గంటలోపే ఆకును ఉడకబెడుతుంది.

మూసి పెంచడంలో ప్రమాదం ఏమిటో తమలపాకు రైతుకు బాగా తెలుసు. బెంగాల్, ఒడిశాల్లో గడ్డితో, తడికలతో కప్పిన బరోజుల్లో తీగను పెంచుతారు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల ఆకుతోటల్లో అవిసె చెట్లే పందిరి, నీడ, గాలికి అడ్డు. లేత ఆకు కావాలంటే లోపల ఉక్క ఉండాల్సిందే. ఆ ఉక్కే వానాకాలంలో తీగ మొదలు కుళ్లబెట్టే ఫైటోఫ్తోరాకు పుట్టిల్లు. అందుకే తేమ పెంచినచోట నీరు నిలవకుండా, గాలి కదిలేలా చూడటం తప్పదు. తేమ మరీ ఎక్కువైనా ఆకు నష్టపోతుంది. ఆకు నుంచి నీరు ఆవిరవడం ఆగిపోతే వేర్ల నుంచి కాల్షియం కొత్త ఆకు కొనలకు చేరదు. గ్రీన్‌హౌస్ లెట్యూస్‌లో కొనలు మాడేది ఈ కారణంగానే, పొడిగాలి వల్ల కాదు.

మళ్లీ కడియం లారీ దగ్గరికి వస్తే, అందులో వచ్చిన మొక్క హైదరాబాదు గాలికి ఎందుకంత బెంబేలు పడుతుందో టిష్యూకల్చర్ అరటి పిలకలు స్పష్టంగా చూపిస్తాయి. సీసాలో నూరు శాతం తేమలో పెరిగిన పిలకకు ఆకు మీద మైనపు పొర సరిగా ఏర్పడదు, పత్రరంధ్రాలకు మూసుకోవడం అలవాటు కాదు. బయటికి తీసిన రోజే ఎండలో పెడితే సాయంత్రానికి వాడిపోతుంది. అందుకే ముందు పొగమంచు గదిలో, తర్వాత షేడ్‌నెట్ కింద వారాల తరబడి అలవాటు చేసి గానీ రైతుకు ఇవ్వరు. ఫ్లారిడా విశ్వవిద్యాలయపు అపోప్కా కేంద్రంలో చార్ల్స్ కొనోవర్, రిచర్డ్ పూల్ 1970లలో ఇంటి మొక్కల మీద ఇదే చూపించారు. అమ్మేముందు కొన్ని వారాలు నీడ పెంచి, ఎరువు తగ్గించి అలవాటు చేసిన మొక్కలు ఇళ్లలో నిలబడ్డాయి. అలవాటు చేయనివి ఆకులు రాల్చాయి.

కొనేవాళ్లకు దీనిలో పాఠం సులువే. గోదావరి తీరం నుంచి వచ్చిన మొక్కను వేసవిలో కొనకుండా జూలై, ఆగస్టుల్లో కొంటే, వానాకాలపు గాలిలోనే అది కొత్త ఇంటికి అలవాటుపడుతుంది. వేసవిలోనే కొనాల్సివస్తే రెండు మూడు వారాలు ప్లాస్టిక్ సంచి కప్పి, రోజుకు కాస్త ఎక్కువసేపు తెరుస్తూ పోవాలి. పాత ఆకులు ఎలాగూ పోతాయి. కొత్త ఇంట్లో పుట్టిన ఆకు మాత్రం ఆ ఇంటి గాలికి తగ్గట్టు కొంచెం దళసరిగా వస్తుంది.

ఇంతా చేసి, ఆకు కొన మాడినప్పుడల్లా దోషం తేమదేనా? తెలుగు నేల మీద ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. నీటిలోని ఫ్లోరైడ్ తెచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట వైద్యులు వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. నల్గొండ భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ కథ అందరికీ తెలిసిందే. తాగునీటికి లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ మేలని, ఒకటిన్నర దాటకూడదని మన ప్రమాణం చెబుతుంది. డ్రసీనా, కార్డిలైన్, స్పైడర్ ప్లాంట్‌లకు అంతకంటే తక్కువ మోతాదు కూడా పడకపోవచ్చు. పూల్, కొనోవర్‌లే 1970లలో కార్డిలైన్ ఆకులు మాడటానికి ఫ్లోరైడ్ కారణమని తేల్చి, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు మానమని, మట్టికి సున్నం కలపమని సూచించారు. నీటితో పాటు ఎక్కిన ఫ్లోరైడ్, నీరు ఆవిరైపోయాక ఆకు కొనలోనే మిగిలిపోతుంది. పొడిగాలిలో నీరు ఎక్కువ పారుతుంది కాబట్టి కొనకు చేరే విషమూ ఎక్కువే. మాడిన కొనను చూసి బోరు నీళ్లే స్ప్రే బుడ్డిలో నింపి కొట్టేవాళ్లు రోగానికి రోగాన్నే మందుగా వేస్తున్నారు.

ఆర్వో యంత్రం వదిలే నీటిని వృథా చేయకూడదని కుండీల్లో పోసే అలవాటు కూడా ఈ కోవలోదే. తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పంతా అందులో చిక్కబడి ఉంటుంది. ఇల్లు కడగడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. కలాథియాకు వాననీరు గానీ, ఏసీ గొట్టం కింద పట్టిన నీరు గానీ పోయడం మేలు. ఏసీ నీరు గాలిలోంచి చెమర్చినదే కనుక అందులో లవణాలు దాదాపు ఉండవు.

ఖండాంతరాల తెలుగు ఇళ్లలో ఇదే చిక్కు చలికాలంలో తలెత్తుతుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో అక్టోబరు రాగానే కరివేపాకు కుండీని ఇంట్లోకి తెస్తారు. బయట సున్నా డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు నాలుగు గ్రాముల ఆవిరే ఉంటుంది. అదే గాలి ఇంట్లోకొచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే తేమ 20 శాతానికి పడిపోతుంది. ఇది దాదాపు మే నెల హైదరాబాదు శాతమే. లోటు మాత్రం రెండు కిలోపాస్కల్‌ల లోపే, చల్లదనం కాపాడుతుంది. అందుకే జనవరిలో కరివేపాకు ఆకు రాల్చడానికి తేమ కంటే వెలుగు చాలకపోవడం, వేర్లు చల్లబడటం, ఎర్రనల్లి పట్టడం పెద్ద కారణాలు. దీపం ముందు కొనాలి, హ్యుమిడిఫయర్ తర్వాత. పైగా అక్కడ గదిలో తేమను 50 శాతానికి పెంచితే 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి కిటికీ అద్దం చెమర్చి, చెక్క చట్రాలకు బూజు పడుతుంది. ఇంట్లో తేమ 60 దాటకుండా, వీలైతే 30, 50 మధ్య ఉంచమని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతోంది. తేమ యాభై దాటితే దుమ్ముపురుగులకూ పండగే, ఉబ్బసం ఉన్నవాళ్లు ముందు ఆ సంగతి చూసుకోవాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా కొలవకుండా మొదలుపెట్టడం దండగ. జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ 1783లో తేమమాపకం చేసింది మనిషి వెంట్రుకతో. తేమ పెరిగితే వెంట్రుక కొద్దిగా సాగుతుంది. ఇప్పుడు కొన్ని వందల రూపాయలకు డిజిటల్ మీటరు దొరుకుతుంది, అయితే అది ఐదారు శాతం అటూఇటూ చెప్పడం మామూలే. సరిచూడటానికి ఉప్పు చాలు. సీసామూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీరు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో రాత్రంతా ఉంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు, మీటరుకు తగలకూడదు. మీటరు 70 చూపిస్తే ఇకమీదట దాని మాటకు ఐదు కలుపుకోవాలి. కొలిచాక చాలామందికి కలిగే ఆశ్చర్యం, తమ గది అనుకున్నంత పొడిగా లేదని. మనీ ప్లాంట్, మాన్‌స్టెరా, అరీకా పామ్ 40 శాతం దగ్గర కూడా బాగానే సర్దుకుంటాయి. 60 కావాలనేవి ఫెర్న్‌లు, కలాథియాలు, ఆంథూరియంల లాంటి కొన్నే.

హైదరాబాదులో ఈ అవసరం కూడా ఏడాదంతా ఉండదు. మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా, సుమారు మూడు నెలలు. నైరుతి పవనాలు రాగానే గదిలో మీటరు దానంతటదే 65, 70కి ఎక్కుతుంది. అప్పుడు ప్లాస్టిక్ సంచులు తీసేయాలి, హ్యుమిడిఫయర్ కడిగి ఆరబెట్టి అటక మీద పెట్టాలి. ముఖ్యంగా నీళ్లు పోసే చేయి తగ్గించాలి. మే నెలలో రెండు రోజులకొకసారి ఆరిన కుండీ జూలైలో వారం దాకా తడిగానే ఉంటుంది. ఎండాకాలం అంతా తట్టుకున్న మొక్కలు వానాకాలంలో వేరు కుళ్లి చచ్చేది ఎక్కువగా ఈ పాత లెక్కతో పోసిన నీటివల్లనే.